క్యాచర్ వీపు చాటున

ఆదివారం నాటి ఫైనల్ జహీరాబాద్‌లో అందరికీ ముగిసిపోయింది గానీ, దీక్షితకు ముగియలేదు.

స్కూలు మైదానంలో ఆ రోజు జరిగింది ఇదీ. మొగుడంపల్లి, రాయికోడ్ ఆడపిల్లల జట్లకు సాఫ్ట్‌బాల్ పోటీ. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. చివరి ఇన్నింగ్స్‌లో రెండు జట్ల పరుగులూ సమానంగా ఉన్నాయి. రాయికోడ్ పిల్ల మానస మూడో బేస్ దాటి హోమ్ ప్లేట్ వైపు దూసుకొచ్చింది. నేలలో పరిచిన ఆ తెల్లటి పలకను ఆమె కాలు తాకితే రాయికోడ్ గెలిచినట్టే. అంతలో విసిరిన బంతి ప్లేట్ వెనక బంతి పట్టే మొగుడంపల్లి క్యాచర్ జగదేవి దగ్గరికి వచ్చింది. మానస నేల మీద జారింది. ఆ కాలు పలకను తాకేలోగా తగిలించి ఔట్ చేయాలని జగదేవి వంగి గ్లవ్ చాచింది. ఇద్దరినీ దుమ్ము కప్పేసింది. అంపైర్‌గా నిలబడ్డ దీక్షిత పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తింది. ఔట్. ఆట ఇంకో ఇన్నింగ్స్ సాగింది. చివరికి మొగుడంపల్లి గెలిచింది.

దీక్షిత పుట్టింది మొగుడంపల్లిలోనే. ఇప్పుడు జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. అంపైర్‌గా ఆమెకు అదే మొదటి ఫైనల్. సొంత ఊరిని గెలిపించుకుందన్న మాట ఆ సాయంత్రమే బస్టాండు దాకా పాకింది. రాయికోడ్ కోచ్ మహాదేవప్ప అందరి ముందూ అరిచాడు, తమ పిల్లకు గ్లవ్ తగలనే లేదని. ఆ మాటలు ఆమెను బాధపెట్టాయి. కానీ ఆమెకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. కళ్ళు మూసుకుని ఆ క్షణాన్ని తలుచుకుంటే జగదేవి వీపు కనిపిస్తోంది, మానస బూటు కనిపిస్తోంది, దుమ్ము కనిపిస్తోంది. గ్లవ్ కాలికి తగలడం మాత్రం కనిపించడం లేదు. అయినా ఆ క్షణంలో ఆమెకు రవ్వంత అనుమానం లేదు. చూడని దాని మీద అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థం కావడం లేదు.

ఈ మాట సాంబశివరావు గారికి ఒక్కరికే చెప్పుకుంది. ఆయన తెనాలి నుంచి వచ్చి ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల అంపైర్లందరికీ ఆయనే గురువు. దీక్షిత ఆట మానేసిన రోజుల్లో, నీ కన్ను బాగుందమ్మా అని చెప్పి అంపైరింగ్‌లోకి తెచ్చింది కూడా ఆయనే. ఆయన సావధానంగా విని, ఇక దాని గురించి ఎవరితోనూ మాట్లాడవద్దన్నాడు.

మాట్లాడకుండా ఉండగలిగేదే, మానస రాకపోతే.

ఆ వారం మధ్యలో ఒక పొద్దున దీక్షిత ఇంటి ముందు వచ్చి నిలబడింది ఆ పిల్ల. రాయికోడ్ నుంచి మొదటి బస్సుకు వచ్చింది. మోచేతి మీద ఆదివారం నాటి గీరుడు గాయాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తిట్టడానికి వచ్చిందేమో అనుకుంది దీక్షిత. తల్లి అనంతమ్మ చాయ్ తెచ్చి ఇస్తే ఆ పిల్ల మర్యాదగా తీసుకుని, తాగకుండా పక్కన పెట్టింది.

"మేడం, ఆ రోజు మీరు యాడ నిలబడ్డరో జర చూపెడ్తరా?" అని అడిగింది. "గెలుపు కోసం రాలే. ఏమైందో నాకు సమజ్ అయితలేదు. మీకైనా తెలుస్తదేమో అని వచ్చిన."

దీక్షిత ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు. తనను ఆదివారం నుంచి తొలుస్తున్న ప్రశ్నే ఆ పిల్ల కళ్ళలోనూ ఉంది. మేడం అనొద్దు, అక్కా అను అని చెప్పి స్కూటీ తాళం తీసుకుంది.

దారిలో మానస చెప్పింది. హైదరాబాద్‌లో స్పోర్ట్స్ హాస్టల్ వాళ్ళు పిల్లల్ని ఎంచుకునేది రాష్ట్ర పోటీల్లోనే. ఊళ్ళో ఇంటర్ అయిపోయాక ఆడడానికి జట్టూ ఉండదు, తోడు పిల్లలూ ఉండరు. ఈ ఏడు పోతే తన ఆట పోయినట్టే. ఆ మాట ఫిర్యాదులా కాకుండా, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. దీక్షితకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

మైదానంలో వెస్లీ సార్ తన బడి పిల్లలతో ప్రాక్టీసు చేయిస్తున్నాడు. దీక్షితకు స్నేహితుడు, నెమ్మదస్తుడు. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు బారులు తీరి పోతుంటే వాటి మోతలో ఆయన ఈల సగమే వినిపిస్తోంది. దీక్షిత సంగతి చెప్పి, ఆ ఆటను మళ్ళీ ఒకసారి ఆడించి చూడాలని ఉందంది. ఆయన ఆశ్చర్యపోలేదు. తన క్యాచర్‌ను ప్లేట్ దగ్గర నిలబెట్టి, బంతి పట్టుకుని తనే ఎడమ వైపు మైదానంలోకి నడిచాడు. ఆ రోజు బంతి వచ్చింది అటు నుంచే.

అటు వెళ్ళే ముందే క్యాచర్ చెవిలో వెస్లీ ఒక మాట చెప్పి ఉంచాడు. కొన్నిసార్లు మానస కాలికి గ్లవ్ తగిలించాలి, కొన్నిసార్లు వెంట్రుకవాసిలో తప్పించాలి. ఏది ఎప్పుడన్నది దీక్షితకు చెప్పకూడదు.

దీక్షిత ఆదివారం నిలబడిన చోటే నిలబడింది. క్యాచర్‌కు సూటిగా వెనక. మానస మూడో బేస్ నుంచి పరుగెత్తుకొచ్చి జారింది. దీక్షిత ఔట్ అంది. మానస తల అడ్డంగా ఊపింది. తగల్లేదు. మళ్ళీ ఆడారు. ఈసారి దీక్షిత సేఫ్ అని చేతులు చాచింది. ఈసారి తగిలింది. ఇంకోసారి, మరోసారి. సరిగ్గా చెప్పినవి కొన్ని, తప్పినవి కొన్ని, బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది. వింత ఏమిటంటే, చెప్పిన ప్రతిసారీ ఆమెకు గట్టి నమ్మకంగానే ఉంది. తప్పు చెప్పినప్పుడు కూడా మనసు తడబడలేదు. బంతి వచ్చింది, గ్లవ్ కదిలింది, రన్నర్ ఆగింది. ఈ మూడింటినీ కలిపి తగిలిందో లేదో మనసే తేల్చేస్తోంది. కన్ను ఆ పని చేయడం లేదు. చేయడానికి వీల్లేకుండా క్యాచర్ వీపు అడ్డుగా ఉంది.

"ఇంకా దగ్గరికి పోతే?" అని మానస అడిగింది.

దగ్గరికి వెళ్ళింది. మరీ అన్యాయంగా ఉంది. గ్లవ్ పెద్దగా కనిపిస్తోంది గానీ కాలు ఎక్కడుందో తెలియడం లేదు. కాలు చూస్తే గ్లవ్ తప్పిపోతోంది. దీక్షిత నాలుగడుగులు వెనక్కి వేసి, అక్కడి నుంచి పక్కకు నడిచింది. మొదటి బేస్ గీతను హోమ్ ప్లేట్ దాటించి వెనక్కి పొడిగిస్తే ఎక్కడికి వస్తుందో అక్కడికి. అక్కడి నుంచి చూస్తే మానస వచ్చే దారి కళ్ళకు అడ్డంగా ఉంది. ఈసారి మానస జారినప్పుడు ఆమె కాలికీ గ్లవ్‌కూ మధ్య సన్నటి వెలుతురు కనిపించింది. ఓరగా తెరిచిన తలుపు సందులోంచి వాకిలి కనిపించినట్టు. ఆ వెలుతురు మూసుకుంటే తగిలినట్టు, మూసుకోకపోతే తగలనట్టు. అంతే. ఊహించే పనే లేదు.

ఒకసారి మాత్రం అక్కడి నుంచి కూడా తప్పు చెప్పింది. ఎందుకని వెస్లీని అడిగితే, నువ్వు నడుస్తూ చూసినవ్ అన్నాడు. బంతి రాకముందే రెండు కాళ్ళూ నేల మీద ఆన్చి, తల కదలకుండా ఆగి చూడమన్నాడు. ఆగి చూస్తే మళ్ళీ తేటగా కనిపించింది. నడిచే బస్సులోంచి గోడ మీద రాతలు చదవలేకపోవడం ఆమెకు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా తన కంటిని గురించి తను ఒక్కసారి కూడా ఇలా అడగలేదని అనిపించింది. కన్ను బాగుందని ఎవరో అంటే నమ్మింది, అంతే. కన్నును ఎక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టాలన్నది ఆలోచించలేదు.

దీక్షిత మానస దగ్గరికి వచ్చింది.

"అంటే ఆ రోజు గ్లవ్ నీకు తగల్లే. నేనే చూడలే."

మానస కింద కూర్చుని పిక్క మీది దుమ్ము దులుపుకుంది.

"తగిలింది అక్క," అంది.

దీక్షిత, వెస్లీ ఒకరినొకరు చూసుకున్నారు. ప్లేట్ తాకకముందే తగిలిందట. కోచ్ తగల్లేదని అరుస్తుంటే తను ఒక్క మాట అనలేదట, అందుకే. అబద్ధం చెప్పలేక, నిజం చెబితే కోచ్ పరువు పోతుందని నోరు మూసుకుందట.

"మరి ఔటే కదా. ఇంక సమజ్ కానిదేంది?" అని అడిగింది దీక్షిత.

"మెత్తగ తగిలింది," అంది మానస. "లోపల బంతి ఉంటే గట్టిగ తగుల్తది. గిట్ల దిండు తగిలినట్టు ఉండది."

సాఫ్ట్‌బాల్ తెలిసినవాళ్ళకు ఆ మాట అర్థం ఏమిటో తెలుసు. రన్నర్‌కు తగలాల్సింది బంతి, లేదా బంతి ఉన్న గ్లవ్. ఉత్త గ్లవ్ ఎన్నిసార్లు తగిలినా ఔట్ కాదు.

ఆ మాట నిజమో భ్రమో తేల్చుకోవాలనిపించింది దీక్షితకు. మానసను కళ్ళు మూసుకుని కాలు చాచి కూర్చోమంది. క్యాచర్ ఒకసారి బంతి ఉన్న గ్లవ్‌తో, ఒకసారి ఉత్త గ్లవ్‌తో ఆమె పిక్క మీద తట్టింది. మానస ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. తర్వాత దీక్షితే కూర్చుని కళ్ళు మూసుకుంది. తనకూ తెలిసిపోయింది. వెస్లీ కూడా ప్యాంటు మడిచి కాలు చాచాడు. పిల్లలు చుట్టూ చేరి నవ్వారు. ఆ నవ్వుల్లో దీక్షితకు నవ్వు రాలేదు. కాలికి తెలిసిన సంగతి తన కంటికి తెలియలేదు.

మరి బంతి ఎక్కడుంది? ఆ రోజు ఔట్ ఇచ్చాక దీక్షిత బంతి చూపించమంటే జగదేవి గ్లవ్ ఎత్తి చూపించింది. అందులో బంతి ఉంది. వెస్లీ ఆలోచించి చెప్పాడు, వేగంగా వచ్చిన బంతి ఒక్కోసారి గ్లవ్‌లోంచి ఎగిరి ఛాతీకి తగులుతుంది, క్యాచర్ దాన్ని రెండో చేత్తో గుండెకు అదిమి పట్టేస్తుంది, గ్లవ్ చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ రన్నర్ మీదికి పోతుంది. పడి లేచేలోగా బంతిని గ్లవ్‌లోకి జార్చుకోవచ్చు. వెనక నిలబడ్డ అంపైర్‌కు వీపు తప్ప ఇదేదీ కనిపించదు.

"ఏం జరుగుతోందమ్మా ఇక్కడ?"

సాంబశివరావు గారి గొంతు. పొద్దున నడకకు వచ్చిన ఆయన కంచె పక్కన ఎప్పటి నుంచి నిలబడ్డాడో ఎవరూ గమనించలేదు. మానసను చూశాడు. ఆయన ముఖం గట్టిపడింది. పిల్లలను వెళ్ళి మంచినీళ్ళు తాగమని పంపేసి, దీక్షిత వైపు తిరిగాడు.

"ఎత్తిన చెయ్యి మళ్ళీ దించకూడదని చెప్పానా లేదా?"

"చెప్పిన్రు సార్. కానీ నేను చూడకుండ ఎత్తిన."

"చూడకుండా ఎలా ఎత్తావు?"

"అదే తెలుస్తలేకుండె. అందుకే వచ్చిన."

ఆయన కోపంగా అరవలేదు. అరిస్తే ఆమెకు తేలికయ్యేది. నెమ్మదిగా, బళ్ళో పాఠం చెప్పినట్టు చెప్పాడు. అంపైర్ తన నిర్ణయాన్ని తనే తవ్వుకుంటూ కూర్చుంటే ఏ ఆటా ముగియదు. రేపు ఓడిన ప్రతి జట్టూ వచ్చి మళ్ళీ ఆడించి చూపించమంటుంది. పైగా దీక్షిత ఆడపిల్ల, ఈ ప్రాంతంలో అంపైర్‌గా నిలబడ్డ మొదటి ఆడపిల్ల. ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే ఇక ఎప్పటికీ ఆమెను ప్లేట్ వెనక నిలబడనివ్వరు. ఆయన మాటల్లో న్యాయం లేదని దీక్షిత అనలేకపోయింది. ఎదురు చెప్పకుండా, ఒక్కసారి తను నిలబడిన చోట నిలబడి చూడమని మాత్రం వేడుకుంది.

ఆయన వద్దంటూనే వెళ్ళి నిలబడ్డాడు. క్యాచర్‌ను మళ్ళీ పిలిచి, ఏం చేయాలో వెస్లీ చెవిలో చెప్పాడు. వెస్లీ బంతి విసిరాడు. మానస జారింది. ఆయన అలవాటైన చేత్తో పిడికిలి ఎత్తాడు. క్యాచర్ లేచి ఆయన వైపు తిరిగింది. బంతి ఆమె కుడి చేతిలో, గుండెకు ఆనించి ఉంది. గ్లవ్ ఖాళీ.

సాంబశివరావు చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఇంకోసారి చేయమన్నాడు. ఈసారి తనే పక్కకు నడిచి, ఆ గీత పొడిగింపులో నిలబడి చూశాడు. అక్కడి నుంచి క్యాచర్ రెండు చేతులూ కనిపించాయి. అద్దాలు తీసి లాల్చీ కొసతో తుడుచుకున్నాడు.

"మాకు క్యాచర్ వెనకే నిలబడమని నేర్పారమ్మా. ఎదురుగా వచ్చే మనిషి బాగా కనిపిస్తుందన్నారు. నేనూ మీకదే చెప్పాను," అన్నాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "ఎంతమందిని తప్పుగా ఔట్ ఇచ్చి పంపేశానో," అన్నాడు.

దీక్షితకు ఆయన మీద జాలి వేసింది. తప్పు తన ఒక్కదానిదే కాదని తెలిసినందుకు లోలోపల కొంచెం ఊరట కూడా కలిగింది. ఆ ఊరటకు వెంటనే సిగ్గుపడింది.

వెస్లీ మెల్లగా దారి చూపించాడు. అంపైర్ నిర్ణయం మీద ఫిర్యాదు చెల్లదు, నిజమే. కానీ గెలిచిన జట్టు క్యాచరే వచ్చి, బంతి నా గ్లవ్‌లో లేదని చెబితే కమిటీ వినకుండా ఉండలేదు. జగదేవిని అడిగితే పోలా అన్నాడు.

"వద్దు," అన్నాడు సాంబశివరావు. చాలా త్వరగా అన్నాడు. అందరూ తనవైపు చూసేసరికి గొంతు తగ్గించాడు. "చిన్నపిల్ల, భయపడుతుంది. నేను సాయంత్రం వెళ్ళి మాట్లాడతాను. నువ్వు వెళ్ళకు దీక్షితా. నీ సొంత ఊరు, మళ్ళీ లేనిపోని మాటలొస్తాయి."

తన మంచికే చెబుతున్నాడనుకుంది దీక్షిత. సరే అంది. ఆయన తల దించుకుని గేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు. కానీ స్కూటీ ఎక్కాక మానసను బస్టాండులో దింపడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం దాకా ఆగడం ఆ పిల్లకు ఎలా ఉంటుందో తనకు తెలుసు. ఇన్ని రోజులూ తనూ అలాగే ఆగింది. కూడలిలో రాయికోడ్ దారి వదిలేసి మొగుడంపల్లి దారి పట్టింది. మానస ఎక్కడికని అడగలేదు.

జగదేవి వాళ్ళ చేనులో అల్లం తవ్వుతున్నారు. తండ్రి చెన్నబసప్ప గడ్డపారతో మట్టి పెళ్ళలు లేపుతుంటే, తవ్విన గడ్డలకు అంటిన మట్టిని జగదేవి రాలుస్తోంది. గట్టు మీద దీక్షితను, ఆమె వెనక మానసను చూసి లేచి నిలబడింది. చేతుల్లోని గడ్డ జారి కింద పడింది. చెన్నబసప్ప పలకరించి, కూర్చోమని ఖాళీ సంచి పరిచి, వాళ్ళ ముఖాలు చూసి ఏదో పనున్నట్టు మోటారు గది వైపు వెళ్ళాడు.

దీక్షిత ఎలా మొదలుపెట్టాలా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చింది. నిందించకుండా అడగాలి, భయపెట్టకుండా అడగాలి. ఆ అవసరమే రాలేదు.

"బంతి గ్లవ్‌ల లేకుండె అక్క," అంది జగదేవి తనంతట తనే. "ఎగిరి రొమ్ముకు తాకింది. ఈ చేత్తో పట్టుకున్న. మీరు ఔట్ అన్నంక ఏం చెయ్యాల్నో తెల్వలే. చూపెట్టమంటే గ్లవ్‌ల ఏసి చూపెట్టిన." తర్వాత మానస వైపు తిరిగింది. "నీకు తెలుసు కదా. నీ మొఖం చూసినప్పుడే నాకు తెలిసింది, నీకు తెలుసని."

మానస తల ఊపింది. ఇద్దరు పిల్లల కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఎవరూ తుడుచుకోలేదు. ఆదివారం నుంచి ఒకే సంగతిని రెండు ఊళ్ళలో ఇద్దరూ ఒంటరిగా మోశారని దీక్షితకు అర్థమైంది. ఒక్కసారిగా ఆమెకు ఒళ్ళు తేలికైంది. తను చూడలేదు. కానీ జరిగింది ఇప్పుడు తెలిసింది. అడిగితే తెలిసేదే, ఇన్నాళ్ళూ అడగలేదంతే. కమిటీ ముందుకు వచ్చి ఇదే మాట చెబుతావా అని అడిగింది.

"చెప్త. జట్టంత నన్ను తిట్టినా చెప్త," అంది జగదేవి. "కానీ అక్క, మళ్ళ చెప్పాల్నా?"

"మళ్ళ అంటే?"

"ఆ రోజే చెప్పిన కదా. ఆట అయినంక మీ కోసం వచ్చిన. మీరు గది లోపల ఏడుస్తున్నరు. తలుపు దగ్గర సార్ ఉండె. సాంబశివరావు సార్‌కు అంత చెప్పిన."

మైదానంలో ఆయన మెల్లగా దించిన చెయ్యి, తుడుచుకున్న అద్దాలు, అంత త్వరగా అన్న వద్దు, అన్నీ ఒక్కసారి దీక్షిత కళ్ళ ముందు కదిలాయి. పొద్దున అక్కడ ఆయన చూసింది, ఆయనకు ఆదివారమే తెలిసిన సంగతి.

"సార్ ఏమన్నడు?"

జగదేవి మట్టి చేతులను ఓణీకి తుడుచుకుంది. మోటారు గది వైపు ఒకసారి, మానస వైపు ఒకసారి చూసింది.

"ఆ మాట ఈమె ముందల చెప్పలేను అక్క. అది ఈమె గురించే."

దీక్షిత మానస వైపు తిరిగింది. ఆ పిల్ల అప్పటికే చెన్నబసప్ప పరిచిన సంచి మీద కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుంది.

"చెప్పు," అంది మానస. "వింట."

"ఈమె ఆట ఎట్లయినా ఈ ఏడుతోనే ఆగిపోతదట, ఈమె కోసం మీ పేరు ఖరాబ్ చెయ్యొద్దన్నడు సార్," అంది జగదేవి.